చెవికి పడే లోహం ఏది?

ఈ నెల కడప, ప్రొద్దుటూరు, బద్వేలు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకటే గోడు: కమ్మలు పెడితే చెవి దురద, రసి, పుండు. ఎవరి ప్రశ్నకు వారికి విడిగా జవాబిస్తున్నాం. కాకపోతే దాదాపు అన్నిటికీ మూలం ఒకటే, నికెల్ అనే లోహం. కాబట్టి మొదటి జవాబు కాస్త పొడుగు. మిగతావి చదివేవారు కూడా దాన్ని ఒకసారి చూసి రావాలి. చెవి రంధ్రంలో దూరే సన్నని పుల్లను ‘కాడ’ అనీ, వెనక బిగించేదాన్ని ‘శీల’ అనీ అన్నాం.

ప్రశ్న: కాలేజీ రోజుల్లో ఏ ఫ్యాన్సీ కమ్మలు పెట్టినా ఏమీ అయ్యేది కాదు. పోయిన యేడు మా చిన్నాయన కూతురి పెండ్లికి చీరకు మ్యాచింగని వన్ గ్రామ్ గోల్డ్ బుట్టలు పెట్టుకుంటే, రెండో రోజుకు దురద, నీరు కారడం. అప్పటి నుంచి ఏవి పెట్టినా ఇదే కత. ఇప్పుడెందుకు వస్తాంది? ఇంక బంగారం తప్ప వేరేవి పెట్టకూడదా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు రాసిన తీరంతా నికెల్ పడకపోవడాన్నే చూపుతోంది. ఈ అలర్జీ పుట్టుకతో రాదు. చెమటలోని ఉప్పు లోహంలో ఉన్న నికెల్‌ను కొంచెం కొంచెంగా కరిగించి చర్మంలోకి దింపుతుంది. కొన్నేళ్లు ఏమీ తెలియదు. ఏదో ఒకనాటికి ఒంట్లోని రక్షణ కణాలు నికెల్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. ఆ గుర్తు మామూలుగా జీవితాంతం చెరగదు. ఆ తర్వాత ఎప్పుడు తగిలినా సుమారు 12 గంటల నుంచి మూడు రోజుల లోపు దురద, ఎరుపు, సన్నని నీటి పొక్కులు లేస్తాయి. పెట్టుకున్న పూట కాకుండా మర్నాడో మూడోనాడో రావడం దీని లక్షణం. అందుకే చాలా ఇళ్లలో కమ్మలను వదిలేసి ముందు రోజు తిన్న వంకాయ కూరను తప్పుపడతారు. ఇక మన ఎండలకు కారే చెమట సంగతి చెప్పాల్సిన పని లేదు. ఉగాది దాటాక ఈ బాధ ఎక్కువైందంటే కారణం అదే.

వన్ గ్రామ్ గోల్డ్ నగ లోపల ఉండేది ఇత్తడి లేదా రాగి. పైన బంగారం పూత, అదీ చాలా పలుచన. పూత నునుపుగా కూర్చోవడానికీ, లోపలి రాగి పైకి ఎక్కి రంగు మారకుండా ఉండడానికీ చాలాచోట్ల బంగారానికి ముందు నికెల్ పూత ఒకటి వేస్తారు. కమ్మ ముందు భాగం ధగధగలాడుతూనే ఉంటుంది. కాడ మాత్రం తీసి పెట్టిన ప్రతిసారీ రంధ్రంలో ఒరుసుకుంటుంది, శీల తిరిగే మరల దగ్గర ఇంకా ఎక్కువ అరుగుతుంది. బంగారం పోయేది ముందు అక్కడే. అంటే అద్దంలో మీకు కనిపించే వైపు కొత్తగా ఉండగానే, చెవి లోపల ఉండే వైపు నికెల్ బయటపడి ఉంటుంది. కాబట్టి ఏ కమ్మ చేతికి తీసుకున్నా ముందు తిప్పి వెనక వైపు చూడండి. అంగట్లో అడగాల్సింది కూడా ‘కాడ, శీల ఏ లోహం?’ అనే. ‘ఒరిజినల్’, ‘స్కిన్ ఫ్రెండ్లీ’, ‘అలర్జీ రాదు’ అన్న మాటలతో సరిపెట్టుకోకండి. లోహం పేరు, దాని పక్కన అంకె చెప్పమనండి.

బంగారం ఒక్కటే దారి కాదు. మీకు పడేవి ఇవి:

22 క్యారెట్ల బంగారం. 916 అంటే వెయ్యి పాళ్లలో 916 బంగారం. మిగిలిన 84 పాళ్లు మన దగ్గర మామూలుగా వెండి, రాగి. పసుపు రంగు 18 క్యారెట్లు (750) కూడా సాధారణంగా ఇబ్బంది పెట్టదు. అయితే దానిలో కలిపేది నాలుగో వంతు, కాబట్టి కలిపిందేమిటో అడిగి తీసుకోవాలి.

టైటానియం. బంగారం కొనలేనప్పుడు మా మొదటి సలహా ఇదే. శరీరం లోపల అమర్చే వైద్య పరికరాలకు వాడే రకం మీద ‘ఏఎస్‌టీఎం ఎఫ్136’ లేదా ‘ఎఫ్67’ అని రాసి ఉంటుంది. ఆ గుర్తున్నదే తీసుకోండి. దీని బరువు బంగారంలో దాదాపు నాలుగో వంతు, అంతే. అందుకే చెవితమ్మె సాగదు. నీలం, ఊదా, బంగారు రంగుల్లో దొరికే టైటానియం మీద ఉండేది పూత కాదు, కరెంటుతో దాని మీదే మందం చేసిన ఆక్సైడ్ పొర. ‘టైటానియం పాలిష్’, ‘టైటానియం కలర్’ అని అమ్మేవి వేరు. లోపల స్టీలో మరో లోహమో ఉంటుంది.

నియోబియం, 950 ప్లాటినం కూడా మంచివే. మొదటిది మన అంగళ్లలో అరుదు, రెండోది ధర.

స్టీలు దగ్గర చాలామంది పొరబడతారు. సర్జికల్ స్టీల్ అనే 316ఎల్ రకంలో 10 నుంచి 14 శాతం నికెల్ ఉంటుంది. అయినా అది లోహంలో గట్టిగా బిగుసుకుని ఉండి, బయటికి చాలా తక్కువ వదులుతుంది. యూరప్‌లో చట్టం కొలిచేది కూడా లోహంలో ఎంత ఉందని కాదు, ఎంత వదులుతోందని. రంధ్రంలో దూరే కాడకు చదరపు సెంటీమీటరుకు వారానికి 0.2 మైక్రోగ్రాములు మించకూడదు. చర్మానికి పైపైన తగిలే వస్తువులకు 0.5. మంచి 316ఎల్ ఆ పరీక్షలో నిలుస్తుంది, కొందరికి పడుతుంది కూడా. కానీ మీ చెవి ఇప్పటికే రేగి ఉంది. పూర్తిగా మానేదాకా స్టీలు జోలికి పోవద్దు.

ప్రశ్న: నేను వేసుకునేది 22 క్యారెట్ల బంగారు దుద్దులే. అయినా ఎడమ చెవి ఎప్పుడూ దురదగానే ఉంటుంది. బంగారం కల్తీదంటారా?
– ఒక గృహిణి, కడప

జవాబు: కల్తీ అనుకునే ముందు ఎడమ దుద్దు శీల విప్పి, కుడి దానితో పక్కపక్కన పెట్టి చూడండి. ఒక చెవికే వస్తోందంటే మా మొదటి అనుమానం దాని మీదే. శీల ఎప్పుడో పోగొట్టుకుని, ఫ్యాన్సీ షాపులో రెండు రూపాయల శీల తెచ్చి బిగించడం దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. మెరుపు ఒకేలా ఉంటుంది. ఆ శీల నికెల్ పూత ఇత్తడిది అయితే, దుద్దు ఎంత మేలిమిదైనా తమ్మె వెనక పుండు పడుతుంది. లోపల స్టీలు స్ప్రింగు ఉన్న నొక్కుడు శీలలనూ చూసుకోవాలి.

శీల కూడా బంగారమే అయితే ముద్ర చూడండి. హాల్‌మార్క్ నగ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కె916 అన్న శుద్ధత, ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ ఉంటాయి. ఆ ఆరింటినీ ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరాలు వస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. కాకపోతే రెండు గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. చిన్న దుద్దులు, పిల్లల పోగులు సరిగ్గా ఈ సందులోనే పడతాయి. కొనేటప్పుడు ముద్ర ఉన్నవే అడగండి. ఇంకో సంగతి, హాల్‌మార్క్ చెప్పేది బంగారం ఎంతని. మిగిలిన దానిలో ఏముందో అది చెప్పదు.

ప్రొద్దుటూరు బంగారు బజారులోనూ, కడపలోని పెద్ద దుకాణాల్లోనూ నగను ఎక్స్‌రే కిరణం కింద పెట్టి చూసే క్యారెట్ మీటర్ ఉంటుంది. బంగారం, వెండి, రాగి శాతాలు విడివిడిగా చూపుతుంది. నికెల్ వరుస కూడా చూపమనండి. ముందు భాగాన్ని కాదు, కాడనూ శీలనూ విడివిడిగా కిరణం కింద పెట్టించాలి. ఆ యంత్రం పై పొరనే చదువుతుంది కాబట్టి పూత నగల విషయంలో దాని మాట నమ్మలేం. ముద్ద బంగారానికి మాత్రం బాగా పనికొస్తుంది.

అన్నీ సరిగ్గా ఉండి కూడా దురద తగ్గకపోతే తలకు వేసే రంగు, షాంపూ, కళ్లజోడు ఫ్రేము అనుమానించాలి. రంగు వేసినప్పుడు ఎడమ చెవి మీద కారుతోందేమో గమనించండి. నల్ల రంగుల్లో ఉండే పీపీడీ అనే పదార్థం బలమైన అలర్జీ కారకం.

ప్రశ్న: అయస్కాంతానికి అంటుకోకపోతే నికెల్ లేనట్టేనా? ఇంట్లో తేల్చుకునే మార్గం ఉందా?
– డిగ్రీ విద్యార్థిని, పులివెందుల

జవాబు: అయస్కాంతం పనికిరాదు. 316ఎల్, వంటింటి 304 స్టీలు రెండిట్లోనూ నికెల్ ఉంది, అవి అయస్కాంతానికి దాదాపు అంటవు. నికెల్ లేని కొన్ని స్టీళ్లు టక్కున అంటుకుంటాయి.

మీరు కెమిస్ట్రీ చదువుతుంటే దారి మీ ల్యాబులోనే ఉంది. నికెల్ లవణాన్ని గుర్తించడానికి వాడే డైమిథైల్ గ్లయాక్సిమ్‌తోనే నగనూ పరీక్షిస్తారు. ఆల్కహాల్‌లో 1 శాతం గ్లయాక్సిమ్ ద్రావణం, విడిగా 10 శాతం అమ్మోనియా ద్రావణం కావాలి. చెవి శుభ్రం చేసుకునే దూది పుల్ల మీద రెండూ రెండేసి చుక్కలు వేసి, కాడ మీద అర నిమిషం గట్టిగా రుద్దండి. దూది గులాబీ రంగుకు తిరిగితే నికెల్ వదులుతున్నట్టే.

అంతకుముందు మందు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. ఇంట్లో 1992-2004 మధ్య వచ్చిన పదకొండు మూలల రెండు రూపాయల బిళ్ల ఉంటే అది రాగి-నికెల్ మిశ్రమం. దాని మీద రుద్దితే దూది గులాబీ కావాలి. కాకపోతే మందు పాతదైపోయింది. అలాగే ఏమీ రుద్దని దూది ఒకటి పక్కన పెట్టుకుంటే రంగు తేడా తెలుస్తుంది.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది రుద్దే చోటులో. కమ్మ ముందు భాగం మీద బంగారం పూత చెక్కుచెదరకుండా ఉంటే దూది తెల్లగానే ఉంటుంది, మనం మోసపోతాం. కాడ మొదలు, మరలు, శీల లోపలి గాడి, అతుకు పెట్టిన చోటు, ఈ నాలుగూ వేర్వేరు దూదులతో రుద్దాలి. ఈ రోజు రంగు రాలేదంటే ఈ రోజుకే. ఆరు నెలలు వాడి పూత అరిగాక మళ్లీ చూడాలి. చేతికి గ్లవ్స్, కిటికీ తెరిచిన గది తప్పనిసరి. తర్వాత కమ్మను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి.

ప్రశ్న: జర్మన్ సిల్వర్, ఆక్సిడైజ్డ్ కమ్మలు వెండివే కదా, అవి పెట్టుకోవచ్చా?
– తాడిపత్రి నుంచి

జవాబు: వద్దు. జర్మన్ సిల్వర్‌లో వెండి రవ్వంత కూడా లేదు. అది రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం. తెల్లగా కనిపించేది నికెల్ వల్లే. నికెల్ పడనివారికి ఇంతకంటే చెడ్డ ఎంపిక లేదు. ఈ ఒక్క పేరు ఎంతమంది చెవులు పాడుచేస్తోందో! ‘ఆక్సిడైజ్డ్’ అనేది లోహం పేరు కాదు, నల్లబరచిన తీరు. అసలు వెండి మీద చేసిందీ ఉంటుంది, ఇత్తడి మీద చేసిందీ ఉంటుంది. 925 ముద్ర ఉన్న వెండిలో మిగిలిన 75 పాళ్లు సాధారణంగా రాగి, కాబట్టి మానిన చెవికి ఫరవాలేదు. కొత్తగా కుట్టిన చెవికి మాత్రం వెండి పెట్టకండి, నల్లబడి పచ్చి గాయంలో మరక దిగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి నికెల్ పడదని చర్మ డాక్టరు ప్యాచ్ టెస్టు చేసి చెప్పినారు. పెండ్లికి వజ్రాల దుద్దులు చేయిస్తాండాం. వైట్ గోల్డ్ బాగుంటుందని అందరూ అంటాండారు. చేయించమంటారా?
– ఒక తల్లి, మైదుకూరు

జవాబు: వైట్ గోల్డ్ అంటే పసుపు బంగారాన్ని తెల్లబరచడానికి నికెల్ గానీ పలాడియం గానీ కలిపింది. పైన రోడియం మెరుగు పెడతారు. కొత్తలో రోడియం అడ్డుంటుంది. అది కాడ మీద అరిగాక లోపలిది నికెల్ రకమైతే దురద మొదలవుతుంది. అప్పటికి పెళ్లయి ఏడాదో రెండేళ్లో గడిచి ఉంటాయి, దుద్దులనే అనుమానం కూడా రాదు. చేయించేట్టయితే ‘పలాడియం వైట్ గోల్డ్, నికెల్ లేదు’ అని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే మానేయండి.

మా మాట అడిగితే పసుపు బంగారంలోనే ఏడు రాళ్ల కమ్మలు చేయించండి. కాడ, శీల 22 క్యారెట్లలో వేయమనండి. రాయి పట్టే గూడు గట్టిగా ఉండాలని 18 క్యారెట్లలో చేసినా అది తమ్మె పైనే ఆగుతుంది, రంధ్రంలోకి పోదు. తెల్ల రంగే కావాలంటే 950 ప్లాటినం.

ప్రశ్న: పాపకు ఏడాది. చెవులు కుట్టించాలి. ఇంట్లో ఒకరు ఆచారి దగ్గరంటారు, ఒకరు గన్ను అంటారు. ఏ పోగులు పెట్టాలి?
– బద్వేలు

జవాబు: ఎవరు కుట్టినా సూది కొత్తదై ఉండాలి, చేతులు కడుక్కోవాలి, పాపకు వయసు ప్రకారం వేయాల్సిన ధనుర్వాతం టీకాలు పూర్తయి ఉండాలి. గన్నుతో కుట్టేచోట వాళ్లు పెట్టే దుద్దు ఏ లోహమో పెట్టె మీద చదవండి. బంగారు పూత స్టీలు ఎక్కువ. పచ్చి గాయంలో నికెల్ పెట్టడమంటే అలర్జీకి దారి తెరవడమే. మొదటి కమ్మ మీద పిసినారితనం వద్దని చెప్పేది అందుకే.

22 క్యారెట్ల సన్నని తీగ పోగులు గానీ, టైటానియం దుద్దులు గానీ ఎంచుకోండి. పోగు అయితే తీగ చివరలు అరం పట్టి నున్నగా చేశారో లేదో మీ గోరు మీద గీసి చూడండి. దుద్దు అయితే శీలకూ తమ్మెకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, మొదటి వారం తమ్మె వాస్తుంది. తమ్మె మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అందాకా మార్చకండి. కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో పావు చెంచా ఉప్పు కలిపి, రోజుకు రెండుసార్లు శుభ్రమైన గుడ్డతో అద్దితే చాలు. పసుపు, కొబ్బరినూనె, బూడిద ఏవీ పూయొద్దు. పోగును తిప్పుతూ ఉండాలన్న మాట పాతది. తిప్పితే లోపల కట్టిన పలుచటి చర్మం మళ్లీ చిరుగుతుంది.

ప్రశ్న: రసి కారుతోందని కమ్మలు తీసేసి, రంధ్రం పూడకుండా వేపపుల్ల పెట్టినా. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు పూస్తే తగ్గి మళ్లీ వస్తాంది. ఏం చేయల్ల?
– కమలాపురం

జవాబు: పుల్ల ముందు తీసేయండి. వేప మంచిదే గానీ, బెరడు గరుకు, తడికి ఉబ్బుతుంది, పుండులో ఒరుసుకుంటుంది. ఏళ్లనాటి రంధ్రం రెండు మూడు వారాలు ఖాళీగా వదిలితే సాధారణంగా పూడిపోదు. భయమైతే పుండు ఆరాక మెత్తని ప్లాస్టిక్ కాడ పెట్టుకోండి, ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతాయి.

ట్యూబు పేరు రాయలేదు. దాని వెనక మందుల పేర్లు చదవండి. ‘నియోమైసిన్’ ఉంటే ఆపేయండి, చాలామందికి అదే అలర్జీ తెస్తుంది. ‘క్లోబెటసాల్’ ఉంటే అది చాలా బలమైన స్టెరాయిడ్, డాక్టరు చెప్పకుండా చెవికి వాడితే చర్మం పలచబడుతుంది. పూసినన్నాళ్లు తగ్గి, ఆపగానే రావడానికి కారణం మూలం అలాగే ఉండడం. ఉత్త దురద, ఎరుపు మాత్రమే అయితే 1 శాతం హైడ్రోకార్టిజోన్ పలుచగా రోజుకు రెండుసార్లు, వారం మించకుండా వాడొచ్చు.

నికెల్ వల్ల అయితే సాధారణంగా రెండు చెవులకూ వస్తుంది, దురద ముందుంటుంది, కారేది నీళ్లలా ఉంటుంది. చీము పట్టిందంటే నొప్పి ముందుంటుంది, తమ్మె వేడిగా ఉంటుంది, పసుపు చీము కారుతుంది. ఒక్కోసారి గీరడం వల్ల మొదటిది రెండోదిగా మారుతుంది. జ్వరం వచ్చినా, ఎరుపు చెవి పై మెత్తటి ఎముక దాకా పాకినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: చెవులతో పాటు మెడ కింద, బొడ్డు దగ్గర కూడా దద్దు వస్తోంది. పల్లీల్లో నికెల్ ఉంటుందని ఎవరో చెప్పారు, తినడం మానాలా?
– జమ్మలమడుగు

జవాబు: ముందు తాళి గొలుసుకు తగిలించిన పిన్నీసులు తీసేయండి. అవి నికెల్ పూత ఇనుము, మెడ చెమటలో పగలూ రాత్రీ నానుతూ ఉంటాయి. బొడ్డు దగ్గరది జీన్స్ బొత్తామో, బెల్టు బకిలో అయి ఉంటుంది. లోపలి వైపు మందపాటి గుడ్డ కుట్టించండి.

పల్లీలు, పప్పులు, చాక్లెట్‌లో నికెల్ ఎక్కువన్నది నిజమే. అయినా నగ తగిలిన చోటే దద్దు వచ్చేవారు తిండి మార్చాల్సిన పని లేదు. అరచేతుల్లో, వేళ్ల పక్కన నీటి పొక్కులు మాటిమాటికీ వస్తుంటే మాత్రం డాక్టరుతో మాట్లాడండి. కొందరికి తిండి తగ్గిస్తే ఉపశమనం ఉంటుంది.

ప్రశ్న: అమ్మ ఇచ్చిన పాత కెంపుల బుట్టకమ్మలు బంగారు పూతవి. పారేయలేను, పెట్టుకోలేను. కాడ ఒక్కటే బంగారంతో మార్పించవచ్చా? గోళ్ల రంగు పూస్తే సరిపోతుందంటున్నారు.
– ఎర్రగుంట్ల

జవాబు: గోళ్ల రంగు ఒక పూట పెళ్లికి, అదీ తమ్మెకు ఆనే వెనక బిళ్ల మీద మాత్రమే. రంగులేనిది రెండు పూతలు వేసి, ఒక్కో పూతా పూర్తిగా ఆరనివ్వాలి. కాడకు పూయొద్దు, రంధ్రంలో రాలి పొక్కులు తెస్తుంది.

కాడ మార్పించడం మంచి ఆలోచన. 22 క్యారెట్ల కాడ 11 మిల్లీమీటర్ల పొడవు, 1.2 మిల్లీమీటర్ల మందం అనుకుంటే 220 మిల్లీగ్రాముల దాకా తూగుతుంది. రెండు కాడలకు అర గ్రాము లోపే. శీలలు వాటికి అదనం, అవి కూడా బంగారంవే వేయించాలి. అయితే ఆచారి మంట పెట్టి అతికితే కెంపులు పగలొచ్చు, లక్క నింపిన నగ అయితే లక్క కారిపోతుంది, అతుకు చుట్టూ పూత నల్లబడుతుంది. రాళ్లు విప్పి చేస్తారా, లేజరుతో అతుకుతారా అని ముందే అడగండి. మళ్లీ పూత వేయాల్సి వస్తే ‘కింద నికెల్ వేయొద్దు’ అని గట్టిగా చెప్పండి. టైటానియం కాడ అతకమని అడగొద్దు, మామూలు మంటకు అది అతకదు.

ఇంతా చేసినా వెనక బిళ్ల తమ్మెకు తగులుతూనే ఉంటుంది. అందుకే మీ కమ్మల్లో పై దుద్దు నుంచి బుట్ట విడిగా వచ్చేట్టుంటే ఇంకో దారి చూడండి. సాదా 22 క్యారెట్ల చిన్న దుద్దులకు కింద ఒక కొక్కెం పెట్టించి, అమ్మ బుట్టలను దానికి తగిలించండి. బుట్ట గాలిలో వేలాడుతుంది, చెవిలో ఉండేది బంగారం ఒక్కటే. బుట్టలు బరువైతే మాటీలు కావాలి. అవి కూడా చెవి వెనక చర్మానికి ఆనుతాయి కాబట్టి పూత గొలుసు వద్దు, వెండి గొలుసో నల్ల దారమో వాడండి.